పిస్టల్ వేగం కొలవడం: క్రోనోగ్రాఫ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పెల్లెట్ (ఎయిర్ పిస్టల్ కాల్చే చిన్న గుండు) గానీ బులెట్ గానీ ఎంత వేగంతో పోతోందో చెప్పే పరికరం క్రోనోగ్రాఫ్. రేంజ్‌లో అందరూ క్రోనో అంటారు. చెన్నైలో ఎయిర్ పిస్టల్ కాల్చే తెలుగువాళ్లం కొందరం ఉన్నాం. అమెరికాలో సొంతంగా తూటాలు తయారు చేసుకునే బంధువులు కూడా మాలో చాలామందికి ఉన్నారు. రెండు వైపుల నుంచీ అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## కొనేముందు

10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి వేగం కొలవాల్సిన పనేంటన్నా? కోచ్ అయితే ట్రిగ్గర్ చూసుకో చాలు అంటున్నాడు.

కోచ్ మాట నిజమే. లెక్క వేసి చూద్దాం. సెకనుకు 150 మీటర్ల వేగంతో బయల్దేరిన పెల్లెట్ 10 మీటర్లు పోయేసరికి భూమ్యాకర్షణ వల్ల దాదాపు 21.8 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. 147 మీటర్ల వేగమైతే 22.7 మిల్లీమీటర్లు జారుతుంది. గాలి నిరోధం కలపని లెక్క ఇది, కానీ మనకు కావలసింది తేడా ఒక్కటే. సెకనుకు 3 మీటర్లు తగ్గినా టార్గెట్ మీద తేడా మిల్లీమీటరు లోపే. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది నంబరు వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. 8 పడ్డ షాట్‌కి వేగాన్ని తప్పు పట్టడం కుదరదు.

మరి క్రోనో దేనికంటే, పిస్టల్ ఆరోగ్యం తెలుసుకోవడానికి. రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ ఒకే మోతాదు గాలి అందించే భాగం) అరుగుతోందా, సీల్ లీకవుతోందా, సిలిండర్‌లో ఎంత ప్రెషర్ దాకా వేగం నిలకడగా ఉంటోంది, ఇవన్నీ స్కోరులో కనబడకముందే అంకెల్లో కనబడతాయి. నా మట్టుకు ఇది రోజూ వాడే వస్తువు కాదు. నెలకోసారి బయటికి తీస్తే సరిపోతుంది.

ఏ రకం కొనాలి? మార్కెట్‌లో నాలుగైదు రకాలు కనబడుతున్నాయి.

ఆప్టికల్ రకంలో రెండు సెన్సర్ల మీదుగా పెల్లెట్ నీడ దాటుతుంది. రెండు నీడల మధ్య పట్టిన కాలాన్ని పరికరం లెక్కపెడుతుంది. చాలా మోడళ్లలో సెన్సర్ల మధ్య దూరం ఒక అడుగు, అంటే 30.48 సెంటీమీటర్లు. 150 మీటర్ల వేగంలో ఆ అడుగు దాటడానికి పట్టేది 2 మిల్లీసెకన్లు. ధర తక్కువ. వెలుతురు విషయంలో మాత్రం పేచీ పెడుతుంది.

గొట్టంలా ఉండి మజిల్ (బ్యారెల్ కొస) ముందు అమర్చుకునే చిన్న రకం తన ఇన్‌ఫ్రారెడ్ వెలుగు తానే తెచ్చుకుంటుంది కాబట్టి గదిలో వాడటానికి సుఖం. ఇంట్లో ఎయిర్ పిస్టల్ వరకే అయితే నేను దీనికే ఓటు వేస్తాను. నిప్పుతో పేలే ఆయుధానికి దీన్ని వాడకూడదు.

మాగ్నెటోస్పీడ్ లాంటి అయస్కాంత రకం బ్యారెల్‌కి కట్టుకునేది, ప్రధానంగా రైఫిళ్ల కోసం. ఇక ల్యాబ్‌రాడార్, గార్మిన్ జీరో లాంటి రాడార్ రకాలు. పక్కన పెట్టి కాలిస్తే చాలు, దేని మీదుగానూ కాల్చే పని లేదు. అమెరికాలో రీలోడింగ్ (ఖాళీ కేసుల్లో మళ్లీ మందు నింపి తూటాలు తయారు చేయడం) చేసేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా వీటివైపే పోతున్నారు. ఎయిర్ పిస్టల్ కోసం ఒక్కటే అయితే అంత డబ్బు దండగ.

రూపాయి ఖర్చు లేకుండా ఫోన్‌తో కొలవొచ్చా?

కొలవొచ్చు, ఫలితం కూడా అనుకున్నదానికంటే బాగా వస్తుంది. పిస్టల్ పక్కన ఫోన్ పెట్టి సౌండ్ రికార్డ్ చేయండి. సరిగ్గా 10 మీటర్ల దూరంలో గట్టిగా చప్పుడొచ్చే రేకు పెల్లెట్ ట్రాప్ (పెల్లెట్‌ని ఆపి పట్టే పెట్టె) పెట్టి కాల్చండి. రికార్డింగ్‌ని ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే రెండు శిఖరాలు కనబడతాయి. మొదటిది షాట్, రెండోది రేకు.

రేకు చప్పుడు వెనక్కి రావడానికి కూడా సమయం పడుతుంది కదా, దాన్ని తీసేయాలి. చెన్నైలో 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 349 మీటర్లు పోతుంది. 10 మీటర్లకు 0.0287 సెకను. రెండు శిఖరాల మధ్య 0.1000 సెకను ఉందనుకుందాం. అందులోంచి 0.0287 తీసేస్తే 0.0713. పదిని దాంతో భాగిస్తే సెకనుకు 140 మీటర్లు. ఇది దారి పొడవునా సగటు వేగం, మజిల్ దగ్గర వేగం ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే లెక్కల్లో చాలావరకు 20 డిగ్రీల శబ్దవేగం 343 వాడతారు. మన ఎండకి ఆ అంకె సరిపోదు.

క్రోనోలు లేని కాలంలో ఎలా కొలిచేవారు? పిల్లలకి చేసి చూపించొచ్చా?

బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణిత శాస్త్రజ్ఞుడు 1742లో లోలకంతో కొలిచే పద్ధతి ప్రకటించాడు. వేలాడే దిమ్మెలోకి గుండు కాల్చి, దిమ్మె ఎంత ఊగిందో చూసి వేగం లెక్కగట్టడం. చెన్నైవాళ్లు గుర్తుపెట్టుకోదగ్గ సంగతి ఒకటుంది. ఈ రాబిన్స్ తర్వాత ఈస్టిండియా కంపెనీలో ఇంజినీర్ జనరల్‌గా చేరి, కోటల పని మీద 1750లో మన తీరానికి వచ్చాడు. మద్రాసు రక్షణకు ప్లాన్లు గీస్తూ జ్వరంతో 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో పోయాడు.

ఇంట్లో చేయడం తేలికే. అరకిలో బంకమట్టి ముద్దని ఒక మీటరు పొడవున్న రెండు దారాలతో వేలాడదీయండి. అర గ్రాము పెల్లెట్ 150 మీటర్ల వేగంతో దిగితే ముద్ద దాదాపు 4.8 సెంటీమీటర్లు వెనక్కి ఊగుతుంది. ఊగిన దూరాన్ని మీటర్లలో తీసుకుని 3.13తో, తర్వాత 1001తో గుణిస్తే వేగం వస్తుంది. ఈ అంకెలు మీటరు దారానికి, అరకిలో ముద్దకి, అర గ్రాము పెల్లెట్‌కే వర్తిస్తాయి. ముద్ద వెనక పెల్లెట్ ట్రాప్ పెట్టి, చూసే అందరికీ కళ్లద్దాలు పెట్టించండి. ట్రిగ్గర్ మాత్రం పెద్దవాళ్లే నొక్కాలి.

అమెరికా నుంచి వచ్చేటప్పుడు రాడార్ క్రోనో తెమ్మని మా తమ్ముడికి చెప్పనా?

ఆప్టికల్ రకం తెప్పించుకోవడంలో పెద్ద చిక్కు లేదు. రాడార్ రకం రేడియో తరంగాలు పంపుతుంది కాబట్టి దిగుమతికి వైర్‌లెస్ అనుమతుల గొడవ ఉంటుంది. ఆ మోడల్‌కి మన దేశంలో అనుమతి ఉందా అని ముందే కనుక్కోండి. తీరా తెచ్చాక మీనంబాకం విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర మీ తమ్ముణ్ణి నిలబెట్టకండి.

## చట్టం

నా ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు కావాలా? దీనికీ వేగానికీ సంబంధం ఉందంటున్నారు.

ఉంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం గీత గీసింది రెండు అంకెల దగ్గర. మజిల్ ఎనర్జీ (పెల్లెట్ బ్యారెల్ వదిలేటప్పటి శక్తి) 20 జౌళ్లు, బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు. వీటిని దాటని ఎయిర్ ఆయుధానికి లైసెన్సు అక్కర్లేదు. పోటీలకు వాడే ఎయిర్ పిస్టల్ 5, 6 జౌళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి భయం లేదు. 0.53 గ్రాముల పెల్లెట్ 20 జౌళ్లు చేరాలంటే సెకనుకు 275 మీటర్ల వేగం కావాలి. అది శక్తిమంతమైన ఎయిర్ రైఫిళ్ల వేగం.

బిల్లు మాత్రం పిస్టల్ కేసులోనే ఉంచండి. చూడ్డానికి అసలు పిస్టల్‌లాగే ఉంటుంది. రాత్రిపూట వాహన తనిఖీలో ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

యూట్యూబ్‌లో చూసి ఇక్కడే తూటాలు రీలోడింగ్ చేసుకోవచ్చా? ఖాళీ కేసులు (తూటా పేలాక మిగిలే గొట్టాలు) దొరుకుతాయి కదా.

వద్దు. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధ చట్టం కింద నేరం. 2019 సవరణ తర్వాత దీనికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. తూటా విడిభాగాలు కూడా చట్టం దృష్టిలో మందుగుండు కిందికే వస్తాయి. అమెరికాలో సొంత వాడకం కోసం రీలోడింగ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అడగరు. అక్కడి వీడియో చూసి ఇక్కడి ఇంట్లో చేయబోతే జైలే. రేంజ్‌లో ఏరిన ఖాళీ కేసులు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకునే అలవాటు ఉంటే అదీ మానేయండి.

## అమర్చేటప్పుడు

గదిలో పెడితే పిచ్చి పిచ్చి అంకెలు వస్తున్నాయి. ఒకసారి 148, ఇంకోసారి 412, మరోసారి ఎర్రర్. బాగు చేయించాలా?

ముందు ట్యూబ్‌లైట్ ఆర్పి చూడండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్. పాత చోక్ ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంది. కంటికి తెలీదు గానీ సెన్సర్‌కి తెలుస్తుంది. ఆ మినుకు వల్ల కలిగే చీకటిని పెల్లెట్ నీడ అనుకుని గడియారం మొదలెట్టేస్తుంది, లేదా ఆపేస్తుంది. చవకరకం ఎల్‌ఈడీ బల్బులూ ఇదే పని చేస్తాయి.

బ్యాటరీతో నడిచే 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్‌ని సెన్సర్ల పైన, వెలుతురుని సమంగా పరిచే తెల్ల ప్లాస్టిక్ డిఫ్యూజర్ వెనక అంటించండి. డీసీ కరెంటు మినుకదు. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అడుగుకింత అని కోసి ఇస్తారు. పాత ఫిలమెంట్ బల్బు ఉంటే అదీ పనికొస్తుంది, ఎందుకంటే దాని తీగ అంత త్వరగా చల్లారదు. ఇంత చేసినా అంకెలు గెంతుతుంటే బ్యాటరీ మార్చండి. ఆ తర్వాతే రిపేరు గురించి ఆలోచించండి.

గదిలో చోటు లేదు. మేడ మీద పెట్టుకోవచ్చా?

వెలుతురు పరంగా మేడ మంచిదే. మబ్బు పట్టిన ఉదయం ఆప్టికల్ క్రోనోకి ఇంతకంటే అనుకూలం లేదు, ఆకాశమంతా ఒకే తెలుపు. నడినెత్తిన ఎండ నేరుగా సెన్సర్లలో పడితే మాత్రం నీడ చిక్కదు, డిఫ్యూజర్లు తప్పనిసరి.

నేనైతే చేయను. చూళైమేడులోనో వడపళనిలోనో ఒక మేడకీ ఇంకో మేడకీ మధ్య చేయి చాపేంత దూరం. పక్కింటావిడ వడియాలు ఎండబెట్టడానికి వచ్చి మీ చేతిలో పిస్టల్ చూస్తే మీరు జౌళ్ల లెక్క చెప్పేలోపే పోలీసులకి ఫోన్ పోతుంది. పైగా 5 జౌళ్ల పెల్లెట్ కన్ను పోగొట్టడానికి చాలు. తలుపు వేసిన హాలు, లేదా క్లబ్ రేంజ్ నయం.

మజిల్ నుంచి ఎంత దూరంలో పెట్టాలి?

ఎయిర్ పిస్టల్‌కి మొదటి సెన్సర్ అర మీటరు నుంచి ఒక మీటరు దూరంలో ఉంటే బాగుంటుంది. మరీ దగ్గర పెడితే పెల్లెట్ వెంట వచ్చే గాలి, నూనె తుంపర సెన్సర్‌ని తప్పుదారి పట్టిస్తాయి. సీఓ2 పిస్టల్ అయితే తెల్లటి ఆవిరి కూడా వస్తుంది, కాబట్టి ఒక మీటరు ఉంచండి. తూటాతో పేలే పిస్టల్‌కి మూడు నుంచి నాలుగున్నర మీటర్లు కావాలి, లేకపోతే పేలుడు అలే బులెట్ కంటే ముందు లెక్కలో పడుతుంది.

దూరం ఎంతైనా ప్రతిసారీ ఒకటే ఉండాలి. తేలికైన పెల్లెట్ మీటరుకి సెకనుకు ఒకటి రెండు మీటర్ల వేగం పోగొట్టుకుంటుంది. ఈ నెల అర మీటరులో, వచ్చే నెల రెండు మీటర్లలో కొలిచి పిస్టల్ బలహీనపడిందని బెంగపడితే ఎలా? నేల మీద టేపు ముక్క అంటించుకోండి.

కొంచెం వంకరగా కాలిస్తే అంకె ఎంత తేడా వస్తుంది?

5 డిగ్రీల వంకర అంటే కంటికే కనబడుతుంది. దానికీ వచ్చే తప్పు 0.4 శాతమే, 150 ఉండాల్సింది 149.4 చూపిస్తుంది. ఇంతకంటే పెద్ద దొంగ మడతపెట్టే క్రోనో. పూర్తిగా తెరుచుకోకపోతే సెన్సర్ల మధ్య దూరం తగ్గుతుంది, 3 మిల్లీమీటర్లు తగ్గితే వేగం ఒక శాతం ఎక్కువగా చూపిస్తుంది. తెరిచాక స్కేలుతో ఒకసారి సరిచూసుకోండి.

క్రోనోనే కాల్చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

చాలా క్రోనోలు అలాగే పోయాయి, మీ టెన్షన్ న్యాయమైనదే. ముందు ఖాళీ పిస్టల్‌తో గురిపెట్టి, వెనకనుంచి ఇంకొకరిని చూడమనండి. బ్యారెల్ గీత సెన్సర్లకు 10, 15 సెంటీమీటర్ల పైన పోవాలి. పిస్టల్‌లో సైట్ బ్యారెల్ కంటే ఎత్తులో ఉంటుంది, సైట్‌లో దారి ఖాళీగా కనబడితే బ్యారెల్ ముందు కూడా ఖాళీ అని కాదు. చేతిని దిండు మీద ఆనించి కాల్చండి, స్కోరు కోసం కాదు కదా.

## కాల్చేటప్పుడు

ఎన్ని షాట్లు కొలవాలి? మూడు చాలవా?

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు, ఇక్కడ అది చెల్లదు. కనీసం పది. వీలైతే ఇరవై.

ఎందుకో చెబుతాను. షాట్ షాట్‌కీ వచ్చే తేడాను ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) అనే ఒక అంకెలో చెబుతారు. ఐదు షాట్లతో లెక్కగట్టిన ఎస్‌డీ 2 అని వస్తే, నిజమైన విలువ 1.2 నుంచి 5.7 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పది షాట్లైతే 1.4 నుంచి 3.7. ఇరవైకి 1.5 నుంచి 2.9. ఇది నూటికి తొంభై ఐదు పాళ్ల నమ్మకంతో చెప్పే లెక్క. మూడు షాట్ల ఎస్‌డీ చూపించి ఈ డబ్బా ఆ డబ్బా కంటే మేలు అనేవాళ్లతో వాదన పెట్టుకోకండి, నవ్వి ఊరుకోండి.

రోజూ మొదటి షాట్ మిగతావాటికంటే ఎక్కువ వేగం చూపిస్తోంది. క్రోనో తప్పా, పిస్టల్ తప్పా?

ఎక్కువగా పిస్టల్ రెగ్యులేటరే. సిలిండర్‌లోని 200 బార్ గాలిని తక్కువ ప్రెషర్‌కి దించి ప్రతి షాట్‌కీ ఒకే మోతాదు అందించడం దాని పని. సీటు అరిగినా, లోపల నలుసు చేరినా, వాడకుండా ఉంచిన గంటల్లో ప్రెషర్ మెల్లగా పాకుతూ పెరుగుతుంది. ఆ పెరిగిన గాలి మొదటి షాట్‌లో బయటికొస్తుంది. ఒకటి రెండు షాట్లలో సర్దుకుంటే కంగారు వద్దు. మ్యాచ్‌లో సైటింగ్ షాట్లు (స్కోరులో కలపని ముందు షాట్లు) ఉండనే ఉన్నాయి. ప్రతి పది నిమిషాల విరామం తర్వాతా పెరుగుతుంటే సర్వీసుకి ఇవ్వండి.

దీనికి వ్యతిరేకంగా, పెద్ద గ్యాప్ తర్వాత మొదటి షాట్ తక్కువ వస్తుంటే వాల్వు గట్టిపడిందని అనుమానించండి.

గాలి నింపేటప్పుడు తేమ ఫిల్టర్ లేకుండా నింపకండి. చెన్నై గాలిలో నీళ్లే ఎక్కువ. హ్యాండ్ పంపుతో నింపేవాళ్ల సిలిండర్లలో ఆ తడి లోపలే చేరి తుప్పు పట్టిస్తుంది. సిలిండర్ మీద తేదీ కూడా చూడండి, గరిష్ఠంగా పదేళ్లే దాని ఆయుష్షు.

నా సీఓ2 పిస్టల్ పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఒక అంకె చూపిస్తోంది.

సీఓ2 స్వభావమే అంత. సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది, దాని ప్రెషర్‌ని నిర్ణయించేది వేడి. 20 డిగ్రీల్లో దాదాపు 57 బార్, 30 డిగ్రీల్లో 72. 31 డిగ్రీలు దాటితే ద్రవం, ఆవిరి అనే తేడానే పోతుంది, ఆ పైన ప్రెషర్ ఎంతన్నది ఎంత నింపారన్నదాని మీద ఆధారపడుతుంది. చెన్నైలో ఏడాదిలో ఎక్కువ మధ్యాహ్నాలు 31 దాటే ఉంటాయి. అంటే ఆ పిస్టల్ 31 డిగ్రీల హద్దుకి అవతలే బతుకుతోంది. వరసగా గబగబా కాలిస్తే చల్లబడి వేగం పడిపోతుంది కూడా.

ఏసీ గదిలో, ఉష్ణోగ్రత రాసుకుని, షాట్‌కీ షాట్‌కీ మధ్య అర నిమిషం ఆగి కొలవండి. ఎండలో నిలిపిన కారులో సీఓ2 సిలిండర్ వదిలేయడం ప్రమాదం, వేగం సంగతి అటుంచండి.

కొత్త స్ప్రింగ్ పిస్టల్. ఫట్ ఫట్ అని పెద్ద చప్పుడు, కాస్త పొగ, వేగం కూడా చాలా ఎక్కువ. బాగుందనుకోవాలా?

సంతోషపడకండి, అది డీజిలింగ్. ఫ్యాక్టరీలో పూసిన నూనె, పిస్టన్ నొక్కిన గాలి వేడికి అంటుకుంటోంది. నూనె అయిపోయేదాకా వచ్చే అంకెలేవీ లెక్కలోకి రావు. వందో రెండొందలో షాట్ల తర్వాత సద్దుమణిగాక కొలవండి. వేగం తగ్గిందని ఇంకో చుక్క నూనె వేయడం మాత్రం చేయకండి, సీల్ కాలిపోతుంది.

## అంకెలు చదివేటప్పుడు

సగటు, ఈఎస్, ఎస్‌డీ అని మూడు చూపిస్తోంది. దేన్ని నమ్మాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం: 148, 149, 150, 150, 151, 149, 150, 148, 151, 149. సగటు 149.5. ఈఎస్ అంటే పెద్దదానికీ చిన్నదానికీ తేడా, ఇక్కడ 3. ఎస్‌డీ 1.1 దగ్గర ఉంది. మంచి పిస్టల్ అంకెలు ఇలాగే ఉంటాయి.

సగటు నెలనెలా పోల్చుకోవడానికి. ఎస్‌డీ నిలకడ తెలుసుకోవడానికి. ఈఎస్ ఒక్క పిచ్చి షాట్‌తో పెరిగిపోతుంది, షాట్లు ఎక్కువయ్యే కొద్దీ అదే పెరుగుతుంది, కాబట్టి పది షాట్ల ఈఎస్‌ని ఇరవై షాట్ల ఈఎస్‌తో పోల్చకూడదు. నా నోట్‌బుక్‌లో దానికి గడి కూడా లేదు.

పెల్లెట్ డబ్బా మీద గ్రాముల్లో, అమెరికా వీడియోల్లో గ్రెయిన్లలో, ఎఫ్‌పీఎస్‌లో చెబుతారు. జౌళ్లు ఎలా లెక్కించాలి?

ఒక గ్రెయిన్ అంటే 0.0648 గ్రాములు. 7 గ్రెయిన్ల పెల్లెట్ 0.45 గ్రాములు. 8.2 అయితే 0.53. ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు ఇన్ని అడుగులు అని. సెకనుకు ఒక మీటరు అంటే 3.28 ఎఫ్‌పీఎస్, కాబట్టి 500 ఎఫ్‌పీఎస్ అంటే 152 మీటర్లు.

జౌళ్లకు బరువుని కిలోల్లోకి మార్చి, వేగాన్ని వేగంతో గుణించి, రెండూ గుణించి సగం చేయాలి. 0.53 గ్రాముల పెల్లెట్ 150 మీటర్ల వేగంలో దాదాపు 6 జౌళ్లు. క్రోనోలోనే జౌళ్లు చూపించే ఆప్షన్ ఉంటే, పెల్లెట్ బరువు మార్చారో లేదో చూసుకోండి. మొన్న వేసిన బరువు అందులో అలాగే ఉండిపోతుంది.

నా పిస్టల్ డబ్బా మీద రాసిన వేగం నాకెందుకు రావట్లేదు?

అమ్మేవాళ్లు దొరికినంత తేలికైన పెల్లెట్‌తో కొలుస్తారు. మీరు సీసపు మ్యాచ్ పెల్లెట్ వాడతారు. బరువు పెరిగితే వేగం తగ్గుతుంది, శక్తి మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. పోల్చాలంటే జౌళ్లలో పోల్చండి.

పెల్లెట్లు ఒక్కొక్కటీ తూచి వేరుచేస్తే వేగం నిలకడగా వస్తుందా?

కొంచెం. మంచి మ్యాచ్ డబ్బాలో తేడాలు ఎలాగూ తక్కువ. తూచడం కంటే హెడ్ సైజు (పెల్లెట్ తల వ్యాసం, మిల్లీమీటర్లలో) ఎంచుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది. డబ్బాల మీద 4.49, 4.50, 4.51 అని ఉంటాయి. పిస్టల్‌ని బిగించి గ్రూపులు (ఒకే గురికి వరసగా కొన్ని షాట్లు) కాల్చి, ఎంత దగ్గరగా పడ్డాయో చూసి మీ బ్యారెల్‌కి ఏది సరిపోతుందో తేల్చుకోండి. తక్కువ ఎస్‌డీ ఇచ్చిన పెల్లెట్టే చిన్న గ్రూపు ఇస్తుందన్న హామీ లేదు, రెండూ వేరు వేరు సంగతులు. గ్రూపు మాటే చివరిమాట. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కునే తినండి.

## అమెరికాలో రీలోడింగ్ చేసేవాళ్లకు

మా బావగారు డాలస్‌లో 9 ఎంఎం తూటాలు తానే తయారు చేసుకుంటారు. పవర్ ఫ్యాక్టర్ కోసం క్రోనో కావాలంటున్నారు. అదేమిటి?

అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం యూఎస్‌పీఎస్‌ఏ నడిపే లాంటి పోటీల్లో మరీ బలహీనమైన తూటాలతో లాభపడకుండా పెట్టిన హద్దు. బులెట్ బరువు గ్రెయిన్లలో, వేగం ఎఫ్‌పీఎస్‌లో తీసుకుని గుణించి వెయ్యితో భాగిస్తారు. తక్కువ శక్తి వర్గమైన మైనర్‌కి 125, ఎక్కువ శక్తి వర్గమైన మేజర్‌కి 165 ఉండాలి. 147 గ్రెయిన్ల బులెట్ 900 ఎఫ్‌పీఎస్ పోతే 132.3. మైనర్ దాటినట్టే.

సరిగ్గా 125 మీద ఆగితే చిక్కు. మ్యాచ్ రోజు వాళ్ల క్రోనో, ఆనాటి చలి అన్నీ కలిసి రెండు మూడు అంకెలు తినేస్తాయి. 129, 130 దగ్గర ఉంచుకునేవాళ్లు నిశ్చింతగా నిద్రపోతారు. చలికాలంలో పోటీ ఉంటే చలిలోనే కొలవమనండి, చాలా పౌడర్లు (తూటాలో నింపే మందు) వేడిని బట్టి వేగం మారుస్తాయి.

వేగం తక్కువ చూపిస్తోంది కదా అని పౌడర్ కాస్త పెంచుకోవచ్చా?

క్రోనో ప్రెషర్‌ని చూపించదు, ఇది రీలోడింగ్ చేసే ప్రతివాళ్లకూ గట్టిగా తెలియాలి. 9 ఎంఎంకి అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే సామీ సంస్థ పెట్టిన గరిష్ఠ సగటు ప్రెషర్ చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. మీ పిస్టల్ బ్యారెల్, లోడింగ్ మాన్యువల్ (పౌడర్ మోతాదులు చెప్పే పుస్తకం) వాళ్ల టెస్ట్ బ్యారెల్ కంటే పొట్టిదైతే, ప్రెషర్ అంతే ఉన్నా వేగం తక్కువే వస్తుంది. దాన్ని పౌడర్‌తో పూడ్చబోతే హద్దు దాటేస్తారు. లోడింగ్ మాన్యువల్ చెప్పిన గరిష్ఠం దాటకూడదు, అంతే.

తిరగేసి చూస్తే క్రోనో మంచి హెచ్చరిక కూడా. మాన్యువల్‌లో గరిష్ఠ మోతాదుకి ఇచ్చిన వేగం మీకు అంతకంటే తక్కువ పౌడర్‌తోనే వచ్చేస్తుంటే, ప్రెషర్ కూడా పెరిగిందని అర్థం. బులెట్ మరీ లోతుగా కూర్చుందేమో, త్రాసు తప్పు చూపిస్తోందేమో చూడాలి. కాల్చడం అక్కడితో ఆపేయాలి.

ఒకే మోతాదు వేసినా ఎస్‌డీ ఎక్కువ వస్తోంది. పౌడర్ మెషీన్ దోషమా?

కావచ్చు, తూచి చూడమనండి. కానీ పిస్టల్ తూటా కేసులో పౌడర్ సగమే నిండితే ఇంకో కారణం ఉంటుంది. మజిల్ కిందికి వంచి పైకెత్తి కాల్చినప్పుడు పౌడర్ బులెట్ వైపు పోగవుతుంది, పైకి వంచి దించితే ప్రైమర్ (తూటా అడుగున నిప్పు రాజేసే భాగం) వైపు. ఈ రెండింటికీ వేగం తేడా వస్తుంది. ఐదేసి షాట్లు రెండు రకాలుగానూ కాల్చి పోల్చితే తేలిపోతుంది. వంచడం కూడా టార్గెట్ దిశలోనే, ట్రిగ్గర్ మీద వేలు లేకుండా.

ఒక షాట్‌కి క్రోనో ఏమీ చూపించలేదు, చప్పుడు కూడా చిన్నగా వచ్చింది. మళ్లీ కాల్చనా?

కాల్చకండి. పౌడర్ లేని తూటా అయ్యుండొచ్చు, ప్రైమర్ బలానికి బులెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ చీలుతుంది. పిస్టల్ టార్గెట్ వైపే ఉంచి, అర నిమిషం ఆగి, ఖాళీ చేసి, రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి. బ్యారెల్‌లోంచి రాడ్ పంపి చూశాకే తర్వాతి మాట.

## దాచుకునేటప్పుడు

వానాకాలం తర్వాత తీస్తే పని చేయట్లేదు. ఎక్కడ చూపించాలి?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో తేమ బ్యాటరీ గడిలోని రాగి పలకల్ని పచ్చబరుస్తుంది. ముందు బ్యాటరీ తీసి, పలకల్ని రబ్బరుతో రుద్ది చూడండి. సెన్సర్ కళ్ల మీద బూజులాంటి మసక ఉంటే మెత్తటి గుడ్డతో తుడవండి. ఆప్టికల్ రకంలో లోపల ఉండేది ఫోటోడయోడ్లు, ఒక చిప్పు, ఒక క్రిస్టల్, అంతకంటే రహస్యం లేదు. రిచీ స్ట్రీట్‌లో పాత టీవీ రిమోట్లు బాగు చేసేవాళ్లు కూడా డయోడ్ మార్చగలరు. మార్చాక సెన్సర్ల మధ్య దూరం అంతకుముందున్నంతే ఉందో లేదో స్కేలు పెట్టి చూసుకుని తీసుకోండి. ఇంట్లో దాచేటప్పుడు బ్యాటరీ తీసేసి, మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి.